పుష్ కొట్టే ముందు టెస్టులు ఎక్కడ నడపాలి?

మేం ఐదుగురం కలిసి తెలుగు పదాలు వెతికే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి రాస్తున్నాం. నేను వరంగల్‌లో ఉంటాను. ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు విజయవాడలో, ఒకరు డాలస్‌లో. పోయిన వేసవిలో ఓ రాత్రి పది గంటలకు టెస్టులన్నీ (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు) నడిపాను, అన్నీ పాసయ్యాయి. పుష్ కొట్టి, అంటే నా మార్పులను అందరికీ అందే సర్వర్‌కి పంపి, పడుకున్నాను. డాలస్‌లో అప్పుడు పొద్దున పదకొండున్నర. అక్కడి మిత్రుడు నా మార్పులు పుల్ చేసుకోగానే (తన మెషీన్‌లోకి తెచ్చుకోగానే) ప్రోగ్రామ్ ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోయింది. నేను కొత్తగా రాసిన ఫైల్ ఒకటి నా ఫోల్డర్‌లో ఉంది కానీ కమిట్‌లో, అంటే నేను సేవ్ చేసి పంపిన మార్పుల కట్టలో, లేదు. కోడ్ మార్పులను దాచిపెట్టే గిట్ అనే టూల్‌కి ఆ ఫైల్‌ని యాడ్ చేయడం మర్చిపోయాను. నేను నిద్ర లేచేదాకా ఆయన పని సాగలేదు.

టెస్టులు నడపకపోవడం వల్ల వచ్చిన తప్పు కాదిది. వాటిని నా ఫోల్డర్ మీద నడిపాను, పంపింది మాత్రం కమిట్‌ని. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

పని మధ్యలో ప్రతిసారీ టెస్టులన్నీ నడపనక్కర్లేదు. టెస్టులు నడిపే పైటెస్ట్ అనే టూల్‌కి హైఫన్ కె ఇచ్చి పేరులో ఒక ముక్క రాస్తే, ఆ పేరున్న టెస్టులే నడుస్తాయి. హైఫన్ ఎక్స్ ఇస్తే మొదటి ఫెయిల్ దగ్గరే ఆగుతుంది. రెండు హైఫన్లు పెట్టి ఎల్‌ఎఫ్ అంటే పోయినసారి ఫెయిలైనవి మాత్రమే మళ్లీ నడుస్తాయి. ఈ మూడూ వేళ్లకు అలవాటైతే పని చకచకా సాగుతుంది.

ప్రతి మార్పుకీ ఒక కొత్త టెస్ట్ రాయండి. రాశాక అది ఫెయిలవడం ఒకసారి కళ్లారా చూడండి. మా లైబ్రరీలో ఒక పదంలో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే ఫంక్షన్ ఉంది. ‘తెలుగు’ అన్న మాటకి మనం మూడు అక్షరాలంటాం. పైథాన్‌లో మామూలుగా పొడవు అడిగితే ఆరు అంటుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులకు యూనికోడ్‌లో విడి సంఖ్యలున్నాయి. ‘క్షేత్రం’ అయితే మనకి రెండు, దానికి ఎనిమిది. కాబట్టి ముందు టెస్ట్ రాసి, పాత కోడ్ మీద నడిపి, ఆరు వస్తోందని చూసి, తర్వాతే సరిదిద్దాను. ఫెయిలవగలదని చూడని టెస్టుని నేను నమ్మను. ‘అల’, ‘కల’ లాంటి మాటలతో రాసి ఉంటే తప్పు కోడ్ కూడా పాసయ్యేది.

ఇక పంపే ముందు చేయాల్సినవి. మొదట గిట్ స్టేటస్ చూడండి. అన్‌ట్రాక్డ్ (గిట్‌కి ఇంకా యాడ్ చేయనిది) అని చూపించే ప్రతి ఫైల్ పేరూ చదవండి. తర్వాత గిట్ ఫెచ్‌తో సర్వర్‌లోని కొత్త మార్పులు తెచ్చుకుని, మీ మార్పులను తాజా మెయిన్ బ్రాంచ్ (అందరి పనీ చేరే ప్రధాన కోడ్) మీదికి రీబేస్ చేయండి, అంటే దాని చివర పేర్చండి. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట ఇద్దరి మార్పులు ఢీకొనడం) ఏమీ రాలేదని ఊరుకోకూడదు. మీరు పిలిచే ఫంక్షన్ పేరుని ఇంకొకరు వేరే ఫైల్‌లో మార్చేసి ఉంటే గిట్ ఏమీ అనదు, టెస్టులే చెప్పాలి. అందుకే అసలు పరీక్ష రీబేస్ తర్వాతే.

ఆ పరీక్షకి ఒక శుభ్రమైన కాపీ కావాలి. గిట్ వర్క్‌ట్రీ యాడ్ కమాండ్‌కి డిటాచ్ ఆప్షన్ ఇచ్చి, ప్రాజెక్ట్ ఫోల్డర్ బయట ఒక కొత్త ఫోల్డర్ పేరు రాసి, చివర హెడ్ (మీ తాజా కమిట్) అని పెట్టండి. ఆ ఫోల్డర్‌లో కమిట్ అయినవి తప్ప ఇంకేమీ ఉండవు. అక్కడ కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ఒక్క పనికి విడిగా ఉండే పైథాన్ ఏర్పాటు) తయారుచేసి, ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, మొత్తం టెస్టులు నడపండి. పాత ఎన్విరాన్‌మెంట్ వాడకండి. అందులో మీ ప్యాకేజీని ఎడిటబుల్‌గా, అంటే మీ ఫోల్డర్‌లోని కోడ్‌నే నేరుగా వాడేలా, ఇన్‌స్టాల్ చేసి ఉంటే, కొత్త ఫోల్డర్‌లోని టెస్టులు కూడా పాత ఫోల్డర్‌లోని కోడ్‌నే తెచ్చుకునే ప్రమాదం ఉంది. అలా అయితే చేసిన శ్రమంతా వృథా. పని అయ్యాక గిట్ వర్క్‌ట్రీ రిమూవ్ కమాండ్‌కి ఫోర్స్ ఆప్షన్, ఆ ఫోల్డర్ పేరు ఇస్తే అది పోతుంది. మా చిన్న లైబ్రరీకి ఇదంతా మూడు నిమిషాల పని.

మన దేశంలో కూర్చుని రాసేవాళ్లకి ఇంకో చిక్కుంది, టైమ్. మన గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది, సర్వర్లు చాలావరకు యూటీసీలో నడుస్తాయి. జూన్ 10 రాత్రి 2 గంటలకు ఒక పదం సేవ్ చేస్తే, అక్కడ అది జూన్ 9 రాత్రి 8:30. మెషీన్ టైమ్‌జోన్‌ని నమ్ముకున్న కోడ్ మన దగ్గర ఎప్పుడూ పాసై, సర్వర్‌లో పడిపోతుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో పైటెస్ట్ ముందు టీజెడ్ వేరియబుల్‌కి యూటీసీ అని ఇచ్చి ఇంకోసారి నడిపితే ఇది బయటపడుతుంది. ఫైల్ పేర్లలో ఇంగ్లీష్ క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా మాత్రం విండోస్‌లో ఇలా దొరకదు, లినక్స్ మీద నడిపితేనే తెలుస్తుంది.

ఇదంతా గుర్తుపెట్టుకోవడం టెన్షన్ అనిపిస్తే, అన్నీ ఒక షెల్ స్క్రిప్ట్‌లో (కమాండ్లన్నీ వరసగా ఉన్న ఫైల్‌లో) రాసి ప్రాజెక్ట్‌లోనే కమిట్ చేయండి. అందరికీ ఒకే కమాండ్ ఉంటుంది. గిట్‌లో ప్రీ-పుష్ హుక్ అని, పుష్‌కి ముందు తనంతట తానే నడిచే స్క్రిప్ట్ ఒకటుంది. అది సున్నా కాని ఎగ్జిట్ కోడ్ ఇస్తే, అంటే ఫెయిలైతే, పుష్ ఆగిపోతుంది. అది మంచిదే, కానీ మామూలుగా రాస్తే ఆ హుక్ కూడా మీ ఫోల్డర్‌లోనే నడుస్తుంది, కాబట్టి నాలా యాడ్ మరిచిన ఫైల్‌ని పట్టుకోదు. పైగా ప్రాజెక్ట్‌ని క్లోన్ చేసుకుంటే (కాపీ తెచ్చుకుంటే) హుక్స్ దాంతో పాటు రావు. ప్రతి ఒక్కరూ హుక్స్ ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే కోర్ డాట్ హుక్స్‌పాత్ అనే సెట్టింగ్‌ని తమ మెషీన్‌లో ఒకసారి పెట్టుకోవాలి. మేం తొందరగా అయిపోయే టెస్టులను హుక్‌లో ఉంచి, శుభ్రమైన కాపీ పరీక్షని స్క్రిప్ట్‌కి వదిలాం.

నో-వెరిఫై ఆప్షన్‌తో హుక్‌ని దాటేయొచ్చు. దాటేయకండి. ఒక టెస్ట్ ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలవుతుంటే, పచ్చరంగు వచ్చేదాకా మళ్లీ మళ్లీ నడిపి పంపకండి. ఆ టెస్ట్ పేరు, వచ్చిన ఎర్రర్, ఎన్నిసార్లకి ఎన్నిసార్లు పడిందో రాసి ప్రాజెక్ట్ పేజీలో ఒక ఇష్యూ (సమస్య నమోదు) తెరవండి. మీ పుల్ రిక్వెస్ట్‌లో (మార్పులు కలుపుకోమని పెట్టే విన్నపంలో) దాని నంబర్ పెట్టండి. చూసేవాళ్లకి ఎక్కడ జాగ్రత్తగా చదవాలో అప్పుడే తెలుస్తుంది.