గనిలో జియోస్టాటిస్టిక్స్ – 3వ పాఠం: వేరియోగ్రామ్ చేత్తో వేద్దాం

జియోస్టాటిస్టిక్స్ అంటే కొన్ని చోట్ల పట్టిన శాంపిల్స్‌ని బట్టి, వాటి మధ్య దూరాన్ని చూసుకుంటూ, మిగతా చోట్ల ఏముంటుందో అంచనా కట్టే లెక్క. పోయిన పాఠంలో డ్రిల్ హోల్ షీట్, అంటే రాయిలో వేసిన బొక్కల శాంపిల్ ఫలితాల పట్టిక, సరిచేసుకున్నాం. రెండుసార్లు ఎక్కిన వరసలు తీసేశాం, ల్యాబ్ రిపోర్టు రాని చోట ఎవరో సున్నా కొట్టిన గడులు పట్టుకున్నాం. ఆ పని పూర్తి కానివాళ్ళు ముందు అది ముగించి రండి, ఎందుకంటే ఒక్క తప్పుడు సున్నా ఈ పాఠం మొత్తాన్నీ పాడు చేస్తుంది.

ఈసారి వేరియోగ్రామ్. సాఫ్ట్‌వేర్ తెరవొద్దు. కాగితం, పెన్ను, కాలిక్యులేటర్ చాలు.

నల్గొండ జిల్లాలో పెరిగినవాళ్ళకి ఈ సంగతి లెక్క నేర్చుకోక ముందే తెలుసు. మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్ళలో బోరు వేసేటప్పుడు పెద్దవాళ్ళు ముందు అడిగేది పక్క బోరులో ఫ్లోరైడ్ ఎంత వచ్చిందనే. దగ్గరున్న బోర్లు ఒకలాగే ఉంటాయని నమ్మకం, అయినా ఒక్కోసారి ఒకే ఊళ్ళో ఒక బోరు నీళ్ళు లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు లోపలుంటే పక్క వీధి బోరు దాన్ని దాటేసి ఉంటుంది. దగ్గరివి ఎంతవరకు పోలి ఉంటాయి, ఎంత దూరం పోయాక ఆ పోలిక పోతుంది? వేరియోగ్రామ్ జవాబు చెప్పేది ఈ ప్రశ్నకే. గనిలో రాయి గురించి కూడా మనం అడిగేది ఇదే.

లెక్కలోకి వద్దాం. ఒకే వరసలో 50 మీటర్లకొకటి చొప్పున ఎనిమిది డ్రిల్ హోల్స్ ఉన్నాయనుకోండి. సున్నపురాయిలో సీఏఓ (కాల్షియం ఆక్సైడ్, అంటే సున్నం) శాతం ఇలా వచ్చింది (ఇవి అభ్యాసం కోసం నేను వేసిన అంకెలు, ఏ గనివీ కావు): 44, 46, 45, 48, 49, 47, 44, 43.

ముందు 50 మీటర్ల జతలు. పక్కపక్క హోల్స్ మధ్య తేడా తీసి వర్గం చేయండి: 4, 1, 9, 1, 4, 9, 1. మొత్తం 29. జతలు ఏడు, కాబట్టి 29ని 14తో భాగిస్తే 2.07. ఏడుతో కాకుండా 14తో ఎందుకంటే మనకు కావలసింది సగటులో సగం. ఆ సగం మర్చిపోయి జవాబు రెండింతలు వేసినవాళ్ళని, ఏళ్ళ సర్వీసున్నవాళ్ళతో సహా, చాలామందిని చూశాను. ఇప్పుడు ఒక హోల్ వదిలేసి 100 మీటర్ల జతలు తీస్తే వర్గాలు 1, 4, 16, 1, 25, 16, మొత్తం 63, జతలు ఆరు, 12తో భాగిస్తే 5.25. 150 మీటర్లకి ఐదు జతలు, 81ని 10తో భాగిస్తే 8.1. 200 మీటర్లకి నాలుగే జతలు, 52ని 8తో భాగిస్తే 6.5.

దూరాన్ని అడ్డంగా, ఈ విలువల్ని నిలువుగా పెట్టి గీయండి. ఈ గీతే వేరియోగ్రామ్, విలువ ఎంత తక్కువుంటే పోలిక అంత ఎక్కువ. గీత పైకి పోయి చివర కిందికి దిగింది కదా, 200 మీటర్ల దగ్గర పోలిక మళ్ళీ పెరిగిందా? అలా అనుకోవద్దు. మన వరస పొడవు 350 మీటర్లు, అందులో సగానికి మించిన దూరాలని నమ్మకూడదని ఒక అలవాటు లెక్క ఉంది, అంటే 175 దాటినవి పక్కన పెట్టాలి. ఒక్కో చుక్కకి కనీసం 30 జతలు కావాలన్నది ఇంకో అలవాటు. మన దగ్గర ఏడుకి మించి లేవు, కాబట్టి ఇది చెయ్యి తిరగడానికే తప్ప రిజర్వ్ (గనిలో తవ్వదగ్గ నిల్వ) లెక్క కట్టడానికి కాదు. మొత్తం ఎనిమిది అంకెల వేరియన్స్, అంటే అవి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 4.5 వస్తుంది. గీత ఆ మట్టాన్ని దాదాపు 90 మీటర్ల దగ్గర దాటుతోంది. ఆ మట్టమే సిల్, ఆ దూరమే రేంజ్, అంటే అది దాటాక పోలిక పోయినట్టే. ఇలాంటి రాయిలో 200 మీటర్లకొక హోల్ వేసి మధ్యలో ఉన్నదంతా తెలుసనుకోవడం ఎంత ప్రమాదమో గీత చూస్తేనే అర్థమవుతుంది.

ఇక నగ్గెట్. గీతని వెనక్కి, సున్నా దూరం దాకా లాగినప్పుడు అది నిలువు గీతని సున్నాకి పైన తాకితే ఆ ఎత్తు పేరు నగ్గెట్. బంగారు గనుల నుంచి వచ్చిన మాట ఇది. ఒక శాంపిల్‌లో బంగారు గడ్డ తగిలి, అంగుళం పక్కన ఏమీ లేకపోవడం లాంటిది. మన ఎనిమిది అంకెల్లో అది కనిపించదు, ఎందుకంటే 50 మీటర్ల లోపల ఏం జరుగుతుందో ఆ షీటుకి తెలియదు. దానికి నాలుగైదు మీటర్ల దూరంలో ఉండే బ్లాస్ట్ హోల్ (రాయి పేల్చడానికి వేసే బొక్క) శాంపిల్స్ కావాలి.

ఇక్కడ నాకు జరిగినది చెప్పాలి. నేను ఒక సున్నపురాయి క్వారీలో ఉన్నప్పుడు ఒక కాలేజీ నుంచి సార్ శనివారాలు వచ్చి మాకు ఈ పాఠాలే చెప్పేవారు, డేటా మాది, లెక్క ఆయనది. బ్లాస్ట్ హోల్ శాంపిల్స్‌తో వేరియోగ్రామ్ వేస్తే నగ్గెట్ సిల్‌లో సగం దాకా వచ్చింది. మట్టసంగా పరుచుకున్న రాయిలో అంత రావడం ఏంటని సార్ రెండు వారాలు తల పట్టుకున్నారు, మేమేమో సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాం. చివరికి డ్రిల్ దగ్గర శాంపిల్ పట్టే అన్న, వెనక బెంచీలో కూర్చున్నాయన, అన్నాడు: "సార్, తడి బొక్కల పొడి సరిగ పైకి రాదు, రాడ్డుకే పట్టుకుంటది. ఎండ బొక్కలదేమో గాలికి లేచిపోతది. మేం కుప్పకి ఒక దిక్కు నుంచే పారతోటి తీస్తం." అంతే. ఆ నగ్గెట్‌లో చాలా భాగం రాయిది కాదు, పారది. కుప్పకి నాలుగు వైపులా తీయడం మొదలుపెట్టాక నగ్గెట్ దిగింది. ఆ రోజు సార్ తన నోట్సులో ఆయన మాట రాసుకోవడం నేను చూశాను. యూనివర్సిటీ, గని కలిసి చదువు చెప్పడం అంటే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ నోట్సే.

జియోస్టాటిస్టిక్స్ పుట్టిందే అలా, గనీ యూనివర్సిటీ కలిసి. దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో పనిచేసిన డానీ క్రిగే, శాంపిల్స్ చూసి బాగుందనుకున్న బ్లాకులు తవ్వాక అనుకున్నంత రాకపోవడం, పేదవనుకున్నవి అంతకన్నా మెరుగ్గా రావడం గమనించాడు. ఆ చిక్కుని విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీకి తీసుకెళ్ళి 1951లో మాస్టర్స్ థీసిస్‌గా రాశాడు. ఫ్రాన్స్‌లో జార్జ్ మాథెరాన్ దాన్ని గణితంగా కట్టి, చుట్టూ ఉన్న శాంపిల్స్ నుంచి మధ్య చోటు విలువ అంచనా కట్టే ఆ పద్ధతికి క్రిగే పేరు మీదే క్రిగింగ్ అని పేరు పెట్టాడు. 1968లో ఫాంటెన్‌బ్లోలో పారిస్ గనుల కళాశాల తరఫున ఒక కేంద్రమే వెలిసింది. కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీలో కూడా కంపెనీల సభ్యత్వపు సొమ్ముతో నడిచే కేంద్రం ఉంది.

గనీ యూనివర్సిటీ ఇలా కలిసి పనిచేయడం మన దగ్గర ఎందుకు చేయకూడదు? పాత నల్గొండ జిల్లాలో వాడపల్లి నుంచి మఠంపల్లి, మేళ్ళచెరువు దాకా సిమెంట్ క్వారీలున్నాయి, నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టులో గ్రానైట్‌కీ పైనున్న శ్రీశైలం క్వార్ట్‌జైట్‌కీ మధ్య పొరలో యురేనియం ఉంది, హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది. కలిసి కూర్చోవడానికి ఒక శనివారం, ఒక గది కావాలి.

ఈ వారం పని. మీ షీటులోంచి ఒకే బెంచ్ (గనిలో మెట్టులా తవ్విన మట్టం), ఒకే దిశలో కనీసం పది హోల్స్ తీసుకుని పైన చేసినట్టే మూడు దూరాలకి లెక్క కట్టండి. తర్వాత అదే పని ఒక్క కోర్‌లో (డ్రిల్ బయటికి తీసిన రాతి కడ్డీలో) పైనుంచి కిందికి, మీటరు మీటరుకి చేయండి. పొరలుగా పరుచుకున్న రాయిలో నిలువు రేంజ్ కొద్ది మీటర్లలోనే అయిపోవాలి, అడ్డం రేంజ్ దానికి ఎన్నో రెట్లు రావాలి. రెండూ ఒకేలా వస్తే లెక్క తిరగేయకుండా ముందు శాంపిల్ పట్టినవాళ్ళని కలవండి. వచ్చే పాఠంలో ఈ రెండు దిశల గీతలకీ మోడల్ అమర్చుతాం, గ్రాఫ్ కాగితం దగ్గర పెట్టుకోండి.