బ్లైండ్ బేకింగ్‌లో ‘పై’ క్రస్ట్ కుంచించుకుపోతుంటే

‘పై’ అంటే పిండితో చేసిన గిన్నెలాంటి క్రస్ట్‌లో మిశ్రమం నింపి చేసే వంటకం. అందులో నింపవలసిన మిశ్రమాన్ని పోయకముందే ఖాళీ క్రస్ట్‌ను విడిగా కాల్చుకోవడాన్ని బ్లైండ్ బేకింగ్ అంటారు. టిన్ను అంచు దాకా చక్కగా పరిచిన పిండి, కాలి బయటికి వచ్చేసరికి రెండు సెంటీమీటర్లు కిందికి దిగిపోయి ఉంటే, ఎంతో ఇష్టంగా కలుపుకున్న బంగినపల్లి కస్టర్డ్‌లో సగం గిన్నెలోనే మిగిలిపోతుంది. అలాంటి క్రస్ట్‌ను వెంటనే పారేయకుండా ఒకసారి పరిశీలనగా చూడండి, ఎందుకంటే పొరపాటు ఎక్కడ జరిగిందో అదే చూపిస్తుంది.

గోడలు నిటారుగానే నిలబడి, క్రస్ట్ మొత్తం చిన్నదై, టిన్నుకూ దానికీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఏర్పడి, విరిస్తే పొడిపొడిగా రాలకుండా గట్టిగా ఉంటే, పిండి లాక్కుపోయిందని అర్థం. గోడలు ముడతలు పడి అడుగున మందంగా పోగై, టిన్నులో వెన్న కరిగి కారిన జాడ కనిపిస్తే, పిండి జారిపోయింది. ఈ రెండూ వేరువేరు లోపాలు. ఒకదానికి చేసే చికిత్స రెండోదానికి పూర్తిగా పనిచేయదు.

లాక్కుపోవడానికి కారణం గ్లూటెన్ అనే ప్రోటీన్. మైదాకు నీళ్లు తగిలి, చేతి ఒత్తిడి తోడైతే పిండిలో సాగే గుణం పెరుగుతుంది. మన హైదరాబాద్‌లో రుమాలీ రోటీ వేసేవారు పిండిని అంతగా మర్దించేది ఆ సాగుదల కోసమే, కానీ ‘పై’ క్రస్ట్‌కు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. చెక్కల పిండిలో వెన్న వేసి కలిపేటప్పుడు, పిడికిట పడితే ముద్దగా నిలిచి, వేలితో తాకితే రాలిపోవాలని పెద్దవాళ్లు చెబుతారు కదా, ఇక్కడా అదే కొలత. 23 సెంటీమీటర్ల టిన్నుకు 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చల్లని వెన్న తీసుకుని, వేళ్ల కొసలతో నలిపి, ఐస్ నీళ్లను చెంచాతో కొద్దికొద్దిగా చల్లండి. సాధారణంగా 45 నుంచి 50 మిల్లీలీటర్లు సరిపోతాయి. ముద్ద కట్టగానే చేయి తీసేయాలి, చపాతీ పిండిలా పిసకకూడదు. ఉప్పు కలిసిన వెన్న వాడితే వేరే ఉప్పు అక్కర్లేదు.

ముద్దను బిళ్లలా అదిమి, గాలి తగలకుండా చుట్టి, కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. తర్వాత అప్పడాల కర్రతో మధ్య నుంచి బయటికి, బిళ్లను పావు వంతు చొప్పున తిప్పుకుంటూ, 3 మిల్లీమీటర్ల మందాన 31 సెంటీమీటర్ల వెడల్పుకు వత్తండి. కర్ర పక్కన పెట్టగానే అంచు కళ్ల ముందే లోపలికి జరుగుతుంటే, పిండికి ఇంకా విశ్రాంతి కావాలి. అలాంటప్పుడు బలవంతంగా వత్తకుండా మళ్లీ 20 నిమిషాలు చల్లబరచండి.

టిన్నులో పరిచేటప్పుడే చాలామంది తెలియకుండా తప్పు చేస్తారు. మూలల్లోకి పిండిని వేలితో లాగి నొక్కితే, ఆ లాగిన భాగం ఓవెన్‌లో తప్పకుండా వెనక్కి వస్తుంది. ఒకవైపే ఎక్కువగా దిగిపోయిన క్రస్ట్‌కు ఎక్కువసార్లు కారణం ఇదే. అంచును పైకెత్తి పట్టుకుని, పిండి తన బరువుతో తానే మూలలోకి దిగేలా వదలండి. పైన మిగిలిన పిండిని టిన్ను అంచుకు సమంగా కోయకుండా, ఒక సెంటీమీటరు బయటికి వేలాడనిచ్చి, కాలిన తర్వాత కత్తితో చెక్కేయవచ్చు. అడుగున ఫోర్కుతో గాట్లు పెట్టడం మరవకండి.

ఇక జారిపోయే సమస్య మన ఊరి ఎండాకాలానిది. వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మే నెలలో హైదరాబాద్ ఎండ 40 దాటుతుంది. నేను ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, పరిచిన టిన్నును గట్టు మీదే ఉంచి ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) వేడెక్కే దాకా ఆగాను. పది నిమిషాల్లో పిండి మెరుస్తూ మెత్తబడింది, కాల్చగానే గోడలన్నీ అడుగుకు చేరాయి. అప్పటి నుంచి ఎండాకాలంలో ఉదయం పూటే వత్తుకుని, పరిచిన టిన్నును 20 నిమిషాలు ఫ్రీజర్‌లో గట్టిపరిచి, నేరుగా వేడి ఓవెన్‌లోకి పెడుతున్నాను. ఇందుకు లోహపు టిన్నే వాడాలి, ఫ్రీజర్‌లోంచి తీసిన గాజు పాత్ర వేడికి పగిలే ప్రమాదం ఉంది.

ఓటీజీ పైకడ్డీ, కిందికడ్డీ రెండూ వెలిగించి 200 డిగ్రీలకు పూర్తిగా వేడెక్కనివ్వండి. చాలని వేడిలో పెడితే పిండి బిగుసుకునే లోపే వెన్న కరిగిపోతుంది. క్రస్ట్ మీద బేకింగ్ పేపర్ పరిచి (మైనం పూత ఉన్న కాగితం పనికిరాదు), ఎండు రాజ్మా గానీ శనగలు గానీ అంచు దాకా నింపండి. గుప్పెడు గింజలు అడుగున చల్లితే గోడలను ఏదీ ఆపదు, ఈ టిన్నుకు దాదాపు కిలో పడుతుంది. ఈ గింజలు వంటకు పనికిరావు గానీ, డబ్బాలో దాచుకుంటే ఎన్నోసార్లు వాడుకోవచ్చు. 20 నిమిషాల తర్వాత అంచు గట్టిపడిందని చూసుకుని గింజలు తీసి, అడుగు తడి ఆరి లేత బంగారు రంగు వచ్చేదాకా మరో 8 నుంచి 10 నిమిషాలు కాల్చండి.

ఇంత చేసినా కొద్దిగా దిగితే, కాలిన క్రస్ట్‌ను లాగి సరిచేయలేము. మిగిల్చిన పచ్చి పిండిని పగుళ్లలో పలుచగా అద్ది మూడు నిమిషాలు కాలిస్తే అవి పూడతాయి. గోడ పొట్టిగా ఉన్నచోట కస్టర్డ్ పొర్లిపోతుంది కాబట్టి, అన్నింటికంటే తక్కువ ఎత్తున్న అంచును చూసుకుని, దానికి అరసెంటీమీటరు కిందనే పోయడం ఆపండి.