పుట్టపర్తి హాస్టల్లో పిల్లాణ్ణి దించే ముందు

శ్రీ సత్యసాయి విశ్వవిద్యాలయం 1981లో మొదలైంది. చదువుకు ఫీజు లేదు గానీ క్రమశిక్షణ గట్టిది. ఇంట్లో ఉండగానే ఇవి చూసుకోండి.

- మగపిల్లలవి తెల్లబట్టలు. చొక్కా కాలర్ లోపల, ప్యాంటు నడుం పట్టీ మీద చెరగని ఇంకుతో పేరు రాయండి. దండెం మీద అన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరిది ఎవరిదో తేలదు. పెన్నుతో రాస్తే రెండు ఉతుకులకే పోతుంది.

- అక్కడ సుప్రభాతంతో తెల్లవారుతుంది. నెల ముందు నుంచే పెందలాడే లేపండి. వెళ్లాక అలవాటవుతుందిలే అనుకుంటే మొదట్లో క్లాసులో కునికిపాట్లే.

- ఫోన్ నియమాలు ముందే అడగండి.

- పాఠాలు ఇంగ్లిషులో. తెలుగు మీడియం పిల్లాడైతే రోజూ ఒక పేజీ పైకి చదివించండి. అర్థం కానిది సీనియర్‌ని అడగడానికి సిగ్గుపడొద్దని చెప్పండి. ‘స్వామి చూసుకుంటారు’ అని పుస్తకం మూసేసే పిల్లలుంటారు. ఆ మాట ఇంట్లో పెద్దలే నేర్పుతారు, నన్నడిగితే.

- బెంగపెట్టుకుని ఏడిస్తే వెంటనే తీసుకొచ్చేయకండి. తిండి, నిద్ర మానేశాడంటే మాత్రం వార్డెన్‌తో మాట్లాడండి.

- రైల్వే స్టేషన్ ఊరికి సుమారు 8 కిలోమీటర్లు. ట్రంకుపెట్టె ఉంటే ఆటో ముందే బేరమాడుకోండి.