డెడ్‌లిఫ్ట్ తర్వాత నడుం పట్టేస్తోందా? ముందు ప్లేట్ల సైజు చూడండి

సమస్య: డెడ్‌లిఫ్ట్ (రెండు చివర్లా ప్లేట్లు, అంటే గుండ్రటి బరువులు ఎక్కించిన రాడ్‌ని నేల మీంచి ఎత్తి నిలబడే వ్యాయామం) చేసిన రోజు ఏమీ తెలియదు. మర్నాడు పొద్దున మొహం కడుక్కుందామని వంగగానే, వెన్నుపూస పక్కన కండరం కర్రలా బిగుసుకుపోతుంది.

మొదట వార్మప్. 80 కిలోలు ఎత్తే రోజున ఖాళీ రాడ్‌తో పది రెప్స్ (పదిసార్లు ఎత్తడం), 40తో ఐదు, 60తో మూడు చేసి ఆ తర్వాతే 80. ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు నడిచి నేరుగా 80 పట్టుకునేవాళ్లను రోజూ చూస్తున్నాను. అది నడక, వార్మప్ కాదు. తర్వాత, పోయిన వారం కంటే ఒకేసారి 15 కిలోలు పెంచారేమో గుర్తు చేసుకోండి. సగం మంది సమస్య ఇక్కడే తేలిపోతుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా పట్టేస్తోందంటే ప్లేట్లు చూడండి. దీని వల్ల నేను రెండు నెలలు బాధపడ్డాను. పొద్దున జిమ్‌కి వెళ్తే ఏమీ ఉండేది కాదు, సాయంత్రం వెళ్తే మాత్రం మర్నాడు నడుం పోయేది. ఆఫీసు కుర్చీని తిట్టుకున్నాను, బూట్లు మార్చాను, బెల్టు కొన్నాను. చివరికి తేలిందేంటంటే, సాయంత్రం రద్దీలో 20 కిలోల ప్లేట్లన్నీ లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు తోసే మెషీన్) మీదే ఉండేవి. నేను రెండు వైపులా పది కిలోలవి రెండేసి ఎక్కించేవాణ్ణి. 20 కిలోల రాడ్‌తో కలిపి బరువు అదే 60, కానీ ఆ ప్లేట్లు చిన్నవి కాబట్టి రాడ్ కిందకి దిగిపోయింది.

పోటీల్లో వాడే పెద్ద ప్లేటు అడ్డంగా 45 సెంటీమీటర్లు. అంటే రాడ్ నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇనప ప్లేటు 30 సెంటీమీటర్లదైతే ఆ ఎత్తు 15కి పడిపోతుంది. తగ్గిన ఆ ఏడున్నర సెంటీమీటర్లు, అంటే దాదాపు మూడంగుళాలు, తుంటి వంచి అందుకోవాలి. తొడ వెనక కండరాలు బిగుతుగా ఉన్నవాళ్లకి తుంటి అంత వంగదు, నడుం గూని తిరుగుతుంది. బరువు తక్కువే కదా అని మనకి అనుమానమే రాదు. ఇంట్లో చిన్న ప్లేట్ల సెట్టు కొనుక్కున్నవాళ్లకీ ఇదే గొడవ.

పరిష్కారానికి టేపు కూడా అక్కర్లేదు. నేలకీ రాడ్‌కీ మధ్య జానెడు ఉందా లేదా చూడండి. లేకపోతే రెండు వైపులా ప్లేట్ల కింద రబ్బరు మ్యాట్లో, పడుకోబెట్టిన ప్లేట్లో సమానంగా పెట్టి ఎత్తు పెంచండి. ర్యాక్ (రాడ్ పెట్టుకునే ఇనప స్టాండు) ఉంటే దాని పిన్నుల మీద రాడ్ పెట్టుకోవచ్చు. అప్పటికీ నడుం వంగుతుంటే ఇంకో రెండంగుళాలు లేపండి, నామోషీ ఏం లేదు.

కాళ్ల పొడవులో తేడా లాంటి అరుదైన కారణాలు ఇప్పుడే వెతకొద్దు.

ఇప్పటికే పట్టేసి ఉంటే కొన్ని రోజులు బరువులు ఆపండి. అలాగని మంచం ఎక్కొద్దు, మెల్లగా నడవండి. నొప్పి మాత్ర వేసుకుని ఎత్తడం మాత్రం వద్దే వద్దు. తగ్గాక సగం బరువుతో మొదలుపెట్టండి. నొప్పి కాల్లోకి దిగుతున్నా, కాలు మొద్దుబారుతున్నా డాక్టరుకి చూపించండి. మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.