చెరిపితే 125 మొత్తం పోతోంది: లినక్స్ ఫోన్లో తెలుగు కీబోర్డు సమస్యలు

భీమవరం పక్కన మా మావయ్యకి రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద మేత లెక్కలు ఆయన లినక్స్ ఫోన్లోనే రాసుకుంటారు. ఫోష్ (లినక్స్ ఫోన్లో తెర, మెనూలు చూపే ప్రోగ్రామ్) మీద నడిచే ఆ తెలుగు కీబోర్డు నేను తయారు చేసిందే. ఆయన వాడకంలో బయటపడ్డవే ఇవన్నీ.

సమస్య: రాసే చోట తాకినా కీబోర్డు పైకి రాదు

"ఇక్కడ రాయాలి" అని యాప్ చెప్పాలి. ఆ కబురు, యాప్‌లు తెరతో మాట్లాడే పద్ధతైన వేలాండ్‌లోని టెక్స్ట్ ఇన్‌పుట్ ప్రోటోకాల్ మూడో వెర్షన్ ద్వారా తెర మీద విండోలు పేర్చే కంపోజిటర్‌కి, అక్కడి నుంచి ఇన్‌పుట్ మెథడ్ ప్రోటోకాల్ రెండో వెర్షన్ ద్వారా కీబోర్డుకి చేరుతుంది. యాప్‌ల బటన్లు, పెట్టెలు గీసే లైబ్రరీ జీటీకేకి ఇన్‌పుట్ మాడ్యూల్ ఐబస్ (ఇంకో టైపింగ్ ప్రోగ్రామ్) అని సెట్ అయి ఉంటే కబురు దారి తప్పుతుంది. ఆ సెట్టింగ్ తీసేయండి. వెనకాల ఎఫ్‌సీఐటీఎక్స్ లాంటి ఇంకో టైపింగ్ ప్రోగ్రామ్ నడుస్తున్నా మనకి చోటుండదు, ఒక సీటుకి (ఒకరు వాడే తెర, కీబోర్డుల జతకి) ఒకే ఇన్‌పుట్ మెథడ్. ఎక్స్‌వేలాండ్ (వేలాండ్ రాని యాప్‌లని నడిపేది) మీద నడిచే పాత యాప్‌లు అసలు కబురే పంపవు. వాటి కోసం కీబోర్డుని చేత్తో పైకి లేపే బటన్ తప్పకుండా పెట్టండి.

సమస్య: మీటల మీద డబ్బాలు

తెలుగు ఫాంట్ లేదు. నోటో సాన్స్ తెలుగు వేస్తే సరి.

సమస్య: తెలుగు సరిగ్గానే చెరుగుతుంది, అంకెలు మూడేసి పోతాయి

"ఒరేయ్ అబ్బాయ్, చివర 5 చెరపబోతే 125 మొత్తం పోయిందిరా. ఇప్పుడు ఏ చెరువుకి ఎంత వేశానో ఎలా తెలిసేది?" అని పొద్దున్నే ఫోన్. తప్పు నాదే.

ద్రాక్షారామం అని రాయండి. చూపుకి నాలుగు అక్షరాలు: ద్రా, క్షా, రా, మం. యూనికోడ్ (ప్రతి గుర్తుకీ కోడ్‌పాయింట్ అనే ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) లెక్కలో పన్నెండు కోడ్‌పాయింట్లు: ద, పొల్లు, ర, దీర్ఘం, క, పొల్లు, ష, దీర్ఘం, ర, దీర్ఘం, మ, సున్నా. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కోటీ 3 బైట్లు, వెరసి 36. చెరపమని యాప్‌కి చెప్పేటప్పుడు ప్రోటోకాల్ అడిగేది బైట్ల లెక్కే. తెలుగే కదా అని నేను ఎప్పుడూ 3 పంపాను. అంకె ఒక్క బైటే, అందుకే 125 ఒక్క దెబ్బకి పోయింది.

పరిష్కారం: కర్సర్ ముందున్న రాత యాప్ పంపుతుంది. అందులో చివరి కోడ్‌పాయింట్ ఎన్ని బైట్లో కొలిచి అంతే పంపండి. కర్సర్ స్థానం కూడా బైట్లలోనే వస్తుంది. ఆ రాత 4000 బైట్లకి మించి రాదు కాబట్టి నోట్ మొత్తం చేతిలో ఉందనుకోకండి. అక్షరం మొత్తాన్ని ఒకేసారి చెరిపేద్దామా అంటే నేనొప్పుకోను. "రా"లో దీర్ఘం తప్పు పడితే దీర్ఘమే పోవాలి, "ర" మిగలాలి.

సమస్య: "మోటార్‌కి" అని కొడితే "మోటార్కి" అవుతుంది

పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తుగా మారిపోతుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) పడాలి. నేను దాన్ని పొల్లు మీట నొక్కి పట్టుకుంటే వచ్చేలా పెట్టాను.

అది పెట్టాక ఇంకో టెన్షన్. కంటికి కనపడని గుర్తు కదా, దాని దగ్గర చెరిపే మీట ఒకసారి నొక్కితే ఏమీ జరగనట్టే ఉంటుంది. మావయ్య మీట పాడైందనుకున్నారు. కర్సర్ ముందు ఆ గుర్తుంటే దాన్నీ, దానికి ముందున్న పొల్లునీ కలిపి 6 బైట్లు ఒకేసారి చెరపండి.