ఫుల్‌ఫుల్దెలో మాట మొదటి హల్లు ఎలా మార్చాలి?

సెనెగల్ నుంచి కామెరూన్ దాకా ఫులానీలు మాట్లాడే ఈ భాషలో ఏకవచనాన్ని బహువచనం చేయాలంటే చివరి ప్రత్యయం మారిస్తే చాలదు, మొదటి హల్లూ మార్చాలి. కావలసింది ఒక నోటుపుస్తకం, అందులో మూడు గడుల పట్టిక.

1. మెత్తనిది, గట్టిది, ముక్కుతో కలిసినది అనే వరసలో రాసుకోండి: వ–బ–మ్బ, ర–ద–న్ద, య–జ–న్జ. కొన్ని మాటల్లో వ, యలకు గ, న్గలే జోడీ, ఆ సంగతి 3లో. ఫ, స, హలకు రెండే రూపాలు, గట్టివి ప, చ, క. ల, మ, న, త మారవు. గాలి లోపలికి పీల్చి పలికే బ, డ, య కూడా మారవు.

2. నామవాచకం ఏ వర్గానిదో, అంటే ఒకే ప్రత్యయం తీసుకునే ఏ గుంపులోదో చూడండి. మనుషులకు ఏకవచనం గట్టిది, బహువచనం మెత్తనిది: గొర్కొ (మగవాడు) – వొర్‌బె, దెబ్బొ (స్త్రీ) – రెవ్‌బె. రవాందు (కుక్క) – దవాడి, సూదు (ఇల్లు) – చూడి దీనికి తలకిందులు. మ్బేవ (మేక) – బెఇలో ఏకవచనమే ముక్కుతో మొదలవుతుంది. అందుకని ‘బహువచనమైతే గట్టిది’ అని సూత్రం కట్టకండి.

దీన్ని మన సంధిలా, గసడదవాదేశంలా అనుకోవాలనిపించవచ్చు. అది తప్పుదారి. అక్కడ ముందు మాట చివర చూసి హల్లు మారుస్తాం. ఇక్కడ ముందు ఏ మాటా లేకపోయినా, వర్గమే హల్లును నిర్ణయిస్తుంది.

3. అందరూ బోల్తా పడేది వ, యల దగ్గర. వాందు (కోతి) – బాడి సరే, కానీ వురొ (ఊరు) – గురె. యితెరె (కన్ను) – గితె, కానీ ‘చూడు’ అనే యిఇకి జోడీ న్జిఇ. కారణం ఉంది. ఒకప్పుడు గకు జోడీగా వేరే మెత్తని హల్లు ఉండేది. అది పోయి అ, ఒ, ఉల ముందు వగా, ఇ, ఎల ముందు యగా మిగిలింది.

కాబట్టి ఇ, ఎల ముందు వ ఉంటే బ రాయండి. అ, ఒ, ఉల ముందు య ఉంటే జ రాయండి. మిగతా చోట్ల ఊహించవద్దు. వతో అ, ఒ, ఉ, యతో ఇ, ఎ కనిపిస్తే ఏకవచనం, బహువచనం రెండూ కలిపి ఒకే మాటగా బట్టీ పట్టాలి. ఒక్క రూపమే రాసుకున్న పదపట్టిక పనికిరాదు, మళ్ళీ రాయండి.

4. క్రియకు కర్త బహువచనమైతే మూడో గడి: ఒ యహి (అతను వెళ్ళాడు) – బె న్జహి (వాళ్ళు వెళ్ళారు), ఒ వరి (వచ్చాడు) – బె న్గరి, ఒ విన్ది (రాశాడు) – బె మ్బిన్ది. క్రియల్లో ఈ మార్పు వదిలేసిన మాండలికాలూ ఉన్నాయి, మీరు నేర్చుకునే ప్రాంతం ముందే తేల్చుకోండి.

పలికేటప్పుడు న్జహిని ‘నిజహి’ అనకండి. నకు, జకు మధ్య అచ్చు దూరకూడదు.