మాక్రో ఫోటో షార్ప్‌గా రావట్లేదా? కొత్త లెన్స్ కొనే ముందు ట్యూబ్ చూడండి

మాక్రో, అంటే పురుగుల్లాంటి చిన్నవాటిని చాలా దగ్గర్నుంచి తీయడం, మొదలుపెట్టి నెల తిరక్కుండానే చాలామంది అడిగేది ఒకటే: "లెన్స్ మార్చాలి, ఏది కొనమంటారు?" చేతిలో కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే గొట్టాలు), మన విశాఖలో కంబాలకొండలోనో కైలాసగిరి మీదో తీసిన నాలుగు మసక ఫోటోలు ఉంటాయి. ఆ ఫోటో ఏ షటర్ స్పీడ్‌లో, ఏ అపర్చర్‌లో (లెన్స్ లోపల వెలుగొచ్చే రంధ్రం; ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) తీశారో మాత్రం చూసి ఉండరు. దయచేసి ముందు అది చూడండి. కెమెరాలో ఫోటో తెరిచి ఇన్ఫో నొక్కితే అన్నీ కనిపిస్తాయి, పది సెకన్ల పని. ఆ తర్వాత ఫోటోని పూర్తిగా జూమ్ చేసి, ఎక్కడైనా, ఒక్క చోటైనా షార్ప్‌గా ఉందా అని వెతకండి.

ఎక్కడా షార్ప్‌గా లేదు, ఒక దిక్కుకి సాగినట్టుంది

షటర్ స్పీడ్ చాలలేదు. 1/60 సెకనులో చేత్తో పట్టుకుని చీమని తీస్తే ఇలాగే వస్తుంది. ట్రైపాడ్ కొంటే సరిపోతుందనుకోకండి. మన ఊళ్లో పొద్దెక్కేకొద్దీ సముద్రం గాలి పెరుగుతుంది, కెమెరా కదలకపోయినా గడ్డిపరక ఊగుతూనే ఉంటుంది. తెల్లవారాక మొదటి గంటలో వెళ్లండి. చిన్న ఫ్లాష్ ఒకటి కొని, ముందు ట్రేసింగ్ పేపర్ కట్టి, 1/200లో తీయండి. ఫ్లాష్ వెలుగు క్షణంలో చాలా చిన్న భాగమే ఉంటుంది కాబట్టి కదలిక అక్కడే ఆగిపోతుంది. కెమెరాలోనే ఉండే ఫ్లాష్‌తో కుదరదు, ట్యూబూ లెన్సూ కలిసి పురుగు మీదే నీడ వేస్తాయి.

ఫోటో అంతా ఒకేలా మబ్బుగా ఉంది

ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి బయట ఉక్కలో వెంటనే తీశారా? లెన్స్ మీద తేమ పట్టింది. తుడవకండి, బ్యాగ్‌లోనే అరగంట ఉంచి తీయండి. తేమ కాకపోతే అపర్చర్ ఎఫ్ 22 దగ్గర ఉందేమో చూడండి. 1:1 దగ్గర (వస్తువు సెన్సర్ మీద అసలు సైజులో పడేంత దగ్గర్లో) అది ఎఫ్ 44తో సమానం, డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల వివరమంతా పోతుంది. ఎఫ్ 8, ఎఫ్ 11 మధ్య ఉండండి.

ఎంత ప్రయత్నించినా ఫోకస్ దొరకట్లేదు

18-55 కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెట్టి వెనక 36 మిల్లీమీటర్ల ట్యూబ్ తగిలిస్తే ఫోకస్ అయ్యే చోటు లెన్స్ లోపలికే వెళ్లిపోతుంది. 55కి తిప్పండి. ఆటో ఫోకస్ ఆపేసి, కెమెరానే ముందుకీ వెనక్కీ జరపండి.

ఒక్క వెంట్రుక మాత్రం షార్ప్, మిగతా అంతా కరిగిపోయింది

ఎక్కువమందిని తిప్పలుపెట్టేది ఇదే. సాలీడు ఒక కన్ను స్పష్టంగా ఉంటుంది, పక్క కన్ను మసక. "చెయ్యి వణికింది" అంటారు, "కిట్ లెన్స్ కదా, ఇంతే" అంటారు. చెయ్యి వణికి ఉంటే ఆ కన్ను కూడా షార్ప్‌గా వచ్చేది కాదు. లెన్స్ బాగానే ఉంది. అపర్చర్ పూర్తిగా తెరుచుకుని ఉండిపోయింది, దానికి కారణం ట్యూబ్.

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అంటే లోపల అద్దం లేని ఉత్త గొట్టం. కెనాన్ ఇఎఫ్ లెన్స్‌లో అపర్చర్ మూసుకోవాలంటే కెమెరా నుంచి కరెంట్ సిగ్నల్ రావాలి. ట్యూబ్‌కి బంగారు రంగు పిన్నులు లేకపోతే ఆ సిగ్నల్ దారిలోనే తెగిపోతుంది. మీరు డయల్ ఎంత తిప్పినా లెన్స్‌కి తెలియదు. కెమెరా మాత్రం మామూలుగానే క్లిక్ మంటుంది, ఫోటో వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. తెర మీద ఎఫ్ నంబర్ ఉండాల్సిన చోట చూడండి. కెనాన్‌లో 00, నికాన్, సోనీల్లో రెండు గీతలు కనిపిస్తే మీ జబ్బు ఇదే.

దీనివల్ల ఎంత నష్టమో లెక్క చూడండి. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్‌కి 50 మిల్లీమీటర్ల ట్యూబ్ పెడితే 1:1 వస్తుంది, అంటే చీమ సెన్సర్ మీద తన అసలు సైజులో పడుతుంది. ఏపీఎస్-సీ (కాస్త చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాలో ఆ దగ్గరలో ఎఫ్ 8కి షార్ప్‌గా వచ్చే లోతు సుమారు 0.6 మిల్లీమీటర్లు. ఎఫ్ 1.8కి అది 0.14కి పడిపోతుంది. మీరు ఊపిరి తీసినా ఫోకస్ దాటిపోతుంది. ఎంత ఖరీదైన ట్రైపాడ్ కొన్నా ఆ లోతు పెరగదు.

నికాన్ జీ రకం లెన్సుల్లో ఇదే తప్పు తిరగబడి వస్తుంది. వాటిని కెమెరా నుంచి విడదీస్తే అపర్చర్ పూర్తిగా మూసుకుంటుంది. అందుకని పిన్నులు లేని ఉత్త ట్యూబ్ పెడితే వ్యూఫైండర్ చీకటైపోతుంది, ఫోటో మబ్బుగా వస్తుంది. లెన్స్ పోయిందని సర్వీస్‌కి పరుగెత్తుతారు, పాపం. లెన్స్ మీదే అపర్చర్ రింగ్ ఉన్న పాత 50 ఎంఎం 1.8డీ అయితే ఈ బాధ లేదు, చేత్తో తిప్పుకోవచ్చు.

ఇక పరిష్కారం. కెనాన్ డీఎస్ఎల్ఆర్ అయితే ఇంట్లో కూర్చుని ఇలా చేయండి: ట్యూబ్ లేకుండా లెన్స్ పెట్టి, ఎఫ్ 8 సెట్ చేసి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (అపర్చర్‌ని మూసి చూపేది) నొక్కి పట్టుకునే లెన్స్ తీసేయండి. అపర్చర్ అక్కడే ఆగిపోతుంది, ఇప్పుడు ట్యూబ్ పెట్టుకోండి. వ్యూఫైండర్ చీకటిగా ఉంటుంది కాబట్టి టార్చ్ కావాలి. బీచ్‌లో మాత్రం ఈ పని చేయకండి, ఇసుక లోపలికి పోతుంది.

శాశ్వతంగా కావాలంటే పిన్నులున్న ట్యూబులే కొనండి. షాపులోనే తగిలించి, ఎఫ్ 16 పెట్టి, ప్రివ్యూ బటన్ నొక్కి లెన్స్ ముందు నుంచి లోపలికి చూడండి. అపర్చర్ రేకులు మూసుకుని చిన్న రంధ్రం కనిపిస్తేనే డబ్బులివ్వండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువు లోపే ఇది చూడండి. మిర్రర్‌లెస్ కెమెరా వాళ్లు ఉత్త ట్యూబ్ వైపు అసలు చూడొద్దు. ఆ లెన్సుల్లో ఎక్కువ శాతానికి ఫోకస్ రింగ్ కూడా కరెంట్‌తోనే పనిచేస్తుంది.

పిన్నులున్న ట్యూబే, నిన్నటిదాకా బాగుంది, ఇవాళ ఒకసారి 00, ఒకసారి ఎర్రర్ 01 అంటోందా? మన ఉప్పుగాలి పిన్నుల మీద పొర కడుతుంది. లెన్స్, ట్యూబ్, బాడీ, మూడు చోట్లా పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వద్దు, నూనెలు వద్దు. వాడనప్పుడు సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి, ఫంగస్ కూడా రాదు.

మరి ఏం కొనాలి?

55-250 లాంటి లెన్స్ ఇప్పటికే ఉంటే ట్యూబ్ మాట వదిలేయండి. ముందు భాగానికి క్లిప్‌లా తగిలే రేనాక్స్ డీసీఆర్-250 అనే క్లోజప్ లెన్స్ తీసుకోండి. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య ఏమీ రాదు కాబట్టి అపర్చర్ గొడవే ఉండదు. అది 8 డయాప్టర్లు (అద్దం పవర్), 250 ఎంఎం దగ్గర 2:1, అంటే అసలు సైజుకి రెట్టింపు ఇస్తుంది, పురుగుకి సుమారు 12 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. కొత్తవాళ్లకి అది కష్టమనిపిస్తే డీసీఆర్-150 మేలు: 4.8 డయాప్టర్లు, దాదాపు 20 సెంటీమీటర్లు. తూనీగలకి ఆ దూరం చాలా ఉపయోగం. లెన్స్‌ని తిరగేసి తగిలించే రివర్స్ రింగ్ చవకే కానీ దానికీ అపర్చర్ జబ్బే ఉంది. సెట్‌గా అమ్మే చవక క్లోజప్ ఫిల్టర్లలో అంచులన్నీ రంగులు చిమ్ముతాయి. కెమెరాని మెల్లగా ముందుకీ వెనక్కీ జరిపే ఫోకసింగ్ రైల్ బతికున్న పురుగులకి పనికిరాదు.

ఆటో ఫోకస్ క్యాలిబ్రేషన్ తప్పింది, సెన్సర్ మీద దుమ్ముంది లాంటివి మాక్రోలో మసకకి కారణాలు కావు, వాటి మీద టైమ్ పెట్టకండి. ట్యూబ్ తీసేసి మామూలు దూరంలో గోడని ఎఫ్ 8లో తీసినా ఒక పక్క మాత్రమే మసకగా వస్తుంటే, అప్పుడు లెన్స్‌ని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.